జొన్నకూడు, తెల్ల ఎలుక, రక్తపు చుక్క

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అనగానే ఈనాటి విద్యార్థికి అద్దాల మేడలు, కంప్యూటరు కంపెనీలు గుర్తుకు వస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఇవన్నీ రాతిగుట్టల నడుమనున్న ఊళ్ళే. దక్కను పీఠభూమిలో మెట్ట ప్రాంతాల పేదవానికి అనాదిగా తెలిసిన తిండి జొన్న. జొన్న రొట్టె, జొన్న గటక, అంబలి, వీటితోనే కడుపు నింపుకొన్న తరాలు ఎన్నో. ఇప్పుడు అదే హైటెక్ సిటీ భోజనశాలలలో జొన్న రొట్టెను ఆరోగ్యాహారమని పేరుపెట్టి అమ్ముతున్నారు. మంచిదే. కాని ఒకప్పుడు ఇదే నగరానికి తూర్పు వైపున, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన, శాస్త్రజ్ఞులు ఈ జొన్నను ఒక వ్యాధి విషయంలో నిందితుని వలె నిలబెట్టి విచారించారన్న సంగతి చాలమంది ఎరుగరు. ఆ విచారణలో సాక్షులు తెల్ల ఎలుకలు. వాటి రక్తంలో, మూత్రంలో, కాలేయంలో అమైనో ఆమ్లాలు, వాటినుండి పుట్టే పదార్థాలు ఏ పాళ్ళలో ఉన్నవన్నదే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చును అన్నది ఈ వ్యాసంలో చూద్దాము.

అమైనో ఆమ్లాలంటే ఏమిటో ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలుసును. మనం తినే మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు అవి సుమారు 20 రకాల అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. పేగుల గోడ దాటి రక్తంలో ప్రవేశించి, ప్రతి అవయవానికీ చేరుతాయి. అక్కడ ప్రతి కణం తనకు కావలసిన వాటిని ఏరుకొని తన సొంత మాంసకృత్తులను అల్లుకొంటుంది. రక్తం ఒక సంత వంటిది. సరుకు వస్తూ ఉంటుంది, పోతూ ఉంటుంది. ఒక క్షణంలో సంతలో ఎంత సరుకు ఉన్నదో లెక్కపెట్టడమే రక్తపరీక్ష. అయితే సరుకు తక్కువగా కనిపిస్తే, వచ్చినది తక్కువా, కొన్నవారు ఎక్కువా? ఈ చిక్కు మొదటినుండీ ఉన్నది.

హైదరాబాదు కథ నిజానికి నీలగిరులలో మొదలవుతుంది. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించారు. బాగా దంచిన తెల్ల బియ్యం తినేవారికి వచ్చే వ్యాధి అది. ఆ చిన్న గదియే క్రమంగా న్యూట్రిషన్ రిసెర్చి లేబొరెటరీస్ అయినది. మెక్‌కారిసన్ అక్కడ తెల్ల ఎలుకలను పెంచి, భారతదేశంలోని వివిధ ప్రాంతాల ప్రజల భోజనాన్ని వేర్వేరు గుంపులకు పెట్టి చూశారు. సిక్కుల గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. మద్రాసు రాష్ట్రపు అన్నం తిన్న ఎలుకలు అన్నిటికన్న చిక్కిపోయి కనిపించాయి. ఆ కాలంలో మన కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనివే గనుక, ఆ చిక్కిన ఎలుక కొంతవరకు మన బంధువే! కూనూరులో 1920 ప్రాంతంనుండి దగ్గరి బంధువుల మధ్యనే సంతానం కనిపిస్తూ కాపాడిన విస్టార్ జాతి ఎలుకల వంశం ఈనాటికీ హైదరాబాదులో ఉన్నది.

1958లో ఈ సంస్థ కూనూరునుండి హైదరాబాదుకు మారింది. 1969లో స్వర్ణోత్సవం సందర్భంగా జాతీయ పోషకాహార సంస్థ అని కొత్త పేరు పెట్టారు. చోటు మారడంతో ప్రశ్న కూడా మారింది. కూనూరు చుట్టూ ఉన్నది బియ్యం తినే దక్షిణాది. హైదరాబాదు చుట్టూ ఉన్నది జొన్న తినే దక్కను. ఇక్కడి ఆసుపత్రులకు వేరొక రకపు రోగులు వస్తూండేవారు. ఎండ తగిలే చోట్ల, అనగా మెడచుట్టూ, ముంజేతులమీద, పాదాలమీద చర్మం నల్లబడి పగిలి పొలుసులుగా లేచేది. నోరు పూసి, విరేచనాలయ్యేవి. కొందరికి మతి చలించేది. ఇది పెల్లాగ్రా.

పెల్లాగ్రాకు అప్పటికే రెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కజాల్ మొక్కజొన్న తినే పేద రైతులలో దీనిని గుర్తించారు. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఇది అంటువ్యాధి కాదనీ తిండిలోని లోపమనీ 1914నుండి పోరాడి నిరూపించారు. 1915లో మిసిసిపీ రాష్ట్రంలో ఒప్పుకొన్న 11 మంది ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన భోజనం నెలల తరబడి పెట్టగా, 6 గురికి వ్యాధి వచ్చింది. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెహ్‌జెం కుక్కలకు వచ్చే నల్లనాలుక వ్యాధిని నికోటినిక్ ఆమ్లంతో నయం చేశారు. అదే నియాసిన్ అనే విటమిను. మనుషుల పెల్లాగ్రాకూ అదే మందయింది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు కూడ ఆ రోజులలో అమెరికాలో కాలేయసారంనుండి నల్లనాలుకను మాన్పే పదార్థాన్ని వేరుచేసే పనిలో ఉన్నారు.

ఇక్కడ ఎలుక ఒక పెద్ద మోసం చేసినదని చెప్పక తప్పదు. గోల్డ్‌బర్గర్ 1920లలో ఎలుకలకు లోపభూయిష్టమైన తిండి పెట్టి, వాటి కాళ్ళమీద, ముక్కుమీద చర్మం పాడుకావడం చూసి, ఇది ఎలుక పెల్లాగ్రా కావచ్చునని భావించారు. కాదు. 1934లో పాల్ జ్యోర్జీ దానిని మాన్పే పదార్థం వేరని చూపి, దానికి బి-6 అని పేరు పెట్టారు. ఎలుకకు నిజమైన పెల్లాగ్రా తెప్పించడం బహు కష్టం. ఎందుకు? ఈ ప్రశ్నకు 1945లో ఎల్వెహ్‌జెం బృందంలోని క్రెల్ మొదలైనవారు జవాబిచ్చారు. మొక్కజొన్న వేసిన తిండిమీద ఎలుక పిల్లలు ఎదగడం మానివేస్తే, నియాసిన్ ఇచ్చినా ఎదిగాయి, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చినా ఎదిగాయి. అనగా శరీరం ట్రిప్టోఫాన్‌నుండి నియాసిన్‌ను తయారుచేసుకోగలదు. మనిషిలో సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నియాసిన్ వస్తుందని తరువాత లెక్కకట్టారు. ఎలుక ఈ విద్యలో బాగా ఆరితేరినది. అందుకే దానికి పెల్లాగ్రా సులభంగా రాదు.

మొక్కజొన్న విషయం దీనితో తేలిపోయింది. దానిలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ కూడ జీర్ణం కాని రూపంలో కట్టుబడి ఉంటుంది. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి తింటారు, ఆ కట్టు విడిపోతుంది. వారు ఏ శాస్త్రం చదివి ఆ పని మొదలుపెట్టారో కాని, ఆ అలవాటు లేని దేశాలలోనే వ్యాధి ప్రబలింది. మరి జొన్న మాటేమిటి? జొన్నలో నియాసిన్ తక్కువేమీ లేదు. ట్రిప్టోఫాన్ కూడ మొక్కజొన్నలోవలె అంత హీనంగా లేదు. అయినా జొన్న తినేవారికి పెల్లాగ్రా వస్తున్నది. సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ చిక్కును చూసి, జొన్నకూ మొక్కజొన్నకూ ఉమ్మడిగా ఉన్న గుణమేమిటని వెదికారు. రెండింటి మాంసకృత్తులలోను ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరి ఉన్నది. బియ్యపు మాంసకృత్తులలో నూటికి 8 పాళ్ళు ల్యూసిన్ ఉంటే, జొన్నలో 13 వరకు ఉంటుంది. తక్కువైనందువల్ల కాక, ఎక్కువైనందువల్ల లోపవ్యాధి వస్తున్నదేమో! 1960లో లాన్సెట్ పత్రికలో వారు ప్రకటించిన ఈ ఆలోచన నిజంగా సాహసమైనది. అంతవరకు పోషణశాస్త్రం ఏది తక్కువైనదని వెదకడానికే అలవాటుపడి ఉన్నది.

దీనిని పరీక్షించాలంటే తిండిలో ఒక అమైనో ఆమ్లం పెంచితే శరీరంలో తక్కినవి ఏమవుతున్నవో చూడవలెను. అది చెప్పుకొనేముందు రక్తంలో వీటిని కొలవడం ఎట్లా సాధ్యమైనదో కొంచెం చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే కొలిచే సాధనం ఎంతవరకు ఎదిగితే, అంతవరకే ప్రశ్న అడగగలము.

భోజనం తరువాత అమైనో ఆమ్లాలు నేరుగా రక్తంలోకి వస్తాయని 1912లో అమెరికాలో వాన్ స్లైక్, మేయర్ కుక్కలపై నిరూపించారు. అంతకుముందు ఇది కూడ వివాదమే. వారి పద్ధతిలో మొత్తం అమైనో నైట్రోజను ఎంతో తెలిసేది. 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో అది 4, 5 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఇందులో ఏ ఆమ్లం ఎంత అన్నది తెలియదు. పైగా రక్తం చాలా కావలెను. ఇప్పుడు ఒక ఎలుక పిల్లను తలచుకోండి. పుట్టినప్పుడు దాని బరువు 5, 6 గ్రాములు. ఎలుకకు 100 గ్రాముల బరువుకు 6, 7 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. కాబట్టి ఆ పసికూన ఒంట్లో ఉన్న మొత్తం రక్తం ఒక మిల్లీలీటరులో మూడోవంతు, అందులో ప్లాస్మా సగమే! ఆ ప్రాణిని బలి ఇచ్చినా, పాత పద్ధతులకు చాలినంత రక్తం దొరకదు. ఒక ఈతలోని పిల్లలందరి రక్తం కలిపితేనే ఒక కొలత. శైశవంలో అమైనో ఆమ్లాల మార్పులు అంత ఆలస్యంగా తెలియడానికి ఇదొక పెద్ద కారణం.

1944లో ఇంగ్లండులో కాన్స్‌డెన్, గార్డన్, మార్టిన్ చూపిన కాగితపు క్రొమటోగ్రఫీ ఈ అడ్డును తొలగించింది. వడపోత కాగితం అంచున ఒక చుక్క పెట్టి, ఆ అంచును ద్రావకంలో ముంచితే, ద్రావకం కాగితంలో పాకుతూ ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని ఒక్కొక్క దూరానికి మోసుకొని పోతుంది. తరువాత నిన్‌హైడ్రిన్ చల్లి వేడి చేస్తే ఊదారంగు మచ్చలు లేస్తాయి. (ఉపాధ్యాయులు దీనిని నల్లసిరాతో, నీటితో, ఒక వడపోత కాగితంముక్కతో తరగతిలోనే చూపవచ్చును. సిరాలోని రంగులు విడిపోవడం పిల్లలు మరచిపోరు.) ఈ విద్యకు మూలమైన పనికి మార్టిన్, సింజ్‌లకు 1952లో నోబెల్ బహుమానం వచ్చింది. 1958లో మూర్, స్టైన్, స్పాక్‌మన్ తయారుచేసిన స్వయంచాలక యంత్రం ఒక్కొక్క ఆమ్లాన్ని అంకెలలో కొలిచి గీతలుగా గీసి ఇచ్చింది.

ఈ సాధనాలతో చూడగా, పెరిగే ప్రాణి రక్తం పెద్దదాని రక్తానికి చిన్న నకలు కాదని తేలింది. మొదటి వింత గర్భంలోనే ఉన్నది. పిండం రక్తంలో అమైనో ఆమ్లాలు తల్లి రక్తంలోకన్న ఎక్కువ. 1948లో క్రిస్టెన్సెన్, స్ట్రైకర్ గినీపందుల పిండాలలో, వేగంగా ఎదిగే కణాలు అమైనో ఆమ్లాలను తమలో కూడబెట్టుకోవడం చూపించారు. పల్లానికి నీరు పారినట్లు ఇవి ఎక్కువ ఉన్న చోటునుండి తక్కువ ఉన్న చోటికి పారడం లేదు. మావి శక్తిని ఖర్చుచేసి, తల్లినుండి బిడ్డవైపు ఎత్తిపోస్తున్నది. తల్లి చిక్కిపోతున్నా కొంతవరకు బిడ్డ ఎదగడానికి ఇదే ఆధారం.

ఎలుకకు గర్భం 21, 22 రోజులు. పుట్టిన పిల్లకు వెంట్రుకలుండవు, కండ్లు తెరవవు. బొడ్డు తెగడంతో తల్లినుండి వచ్చే ధార ఒక్కసారిగా ఆగిపోతుంది. పాలు తాగని తొలి గంటలలో రక్తంలో అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. అంతవరకు నిద్రలో ఉన్న కాలేయం లేచి, వాటిని చక్కెరగా మార్చే పని మొదలుపెడుతుంది. అయితే కాలేయంలోని ఎంజైములన్నీ ఒకేసారి మేల్కొనవు. టైరోసిన్‌ను విరగ్గొట్టే మొదటి ఎంజైము ఎలుక పిండంలో దాదాపు కనిపించదు. పుట్టిన కొద్ది గంటలలో అమాంతం పెరుగుతుందని 1959లో సెరెని, కెన్నీ, క్రెచ్‌మర్ చూపారు. ట్రిప్టోఫాన్‌ను నియాసిన్ దారిలో మొదటి మలుపు తిప్పే ఎంజైము మరొక తీరు. అదే సంవత్సరంలో నెమెత్ చేసిన పరిశోధనలో, అది కూడ గర్భంలో లేకుండా పుట్టిన తరువాతనే తలెత్తుతున్నదని తెలిసింది. ఎలుక పిల్లలో దానికి ఇంకా ఆలస్యం, పుట్టి చాలా రోజులు గడవవలెను. మనుషులలోనూ ఇటువంటిదే కనిపిస్తుంది. నెలలు నిండని శిశువులకు మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆవుపాలు పోస్తే టైరోసిన్ సరిగా విరగక, మూత్రంలో దాని ముక్కలు పోతాయనీ, విటమిన్ సి ఇస్తే అది సర్దుకొంటుందనీ 1940 ప్రాంతంలోనే లెవిన్ మొదలైనవారు గమనించారు.

కాబట్టి ఎలుక రక్తంలో ఫలానా ఆమ్లం ఇంత ఉన్నదని ఎవరైనా చెబితే, మనం వెంటనే అడగవలసిన ప్రశ్న: ఆ ఎలుకకు ఎన్ని రోజులు? పాలు తాగుతున్నదా, మానినదా? 14, 15 రోజులకు కండ్లు తెరుస్తుంది. 21 రోజులకు పాలు మాన్పిస్తారు. పోషణశాస్త్రజ్ఞులు తమ ప్రయోగాలకు ఏరుకొనేది సాధారణంగా ఈ పాలు మానిన పిల్లలనే. కారణం సులభం. ఇవి అతివేగంగా ఎదుగుతాయి, తిండిలో చిన్న లోపమున్నా వారం రోజులలో త్రాసు చెప్పివేస్తుంది. ఆర్జినిన్ అనే ఆమ్లం ఎలుక పిల్ల పూర్తిగా ఎదగడానికి తిండిలో ఉండవలెను, పెద్ద ఎలుకకు అక్కరలేదు. ఒకే జాతి, ఒకే బోను, వయస్సు మాత్రం వేరు. అవసరమే మారిపోయింది.

ఇప్పుడు మళ్ళీ ల్యూసిన్ దగ్గరకు వద్దాము. హైదరాబాదువారికి ఒక ఆధారం ముందే ఉన్నది. 1954, 55 సంవత్సరాలలో విస్కాన్సిన్‌లో హార్పర్, ఎల్వెహ్‌జెం మొదలైనవారు మాంసకృత్తులు తక్కువగా ఉన్న తిండికి ల్యూసిన్ కలిపి ఎలుక పిల్లలకు పెట్టారు. వాటి ఎదుగుదల మందగించింది. ఐసోల్యూసిన్ చేర్చగానే చాలావరకు తేరుకొన్నాయి. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ మూడూ కొమ్మలున్న అణువులు, ఒకే ఇంటి అన్నదమ్ములు. కణంలోకి పోవడానికి మూడింటికీ ఒకే వాకిలి. విరిగే దారిలో మొదటి మెట్లు కూడ ఉమ్మడివే. ల్యూసిన్ విరిగినప్పుడు పుట్టే పదార్థం ఆ దారిలోని ముఖ్యమైన ఎంజైమును రెచ్చగొడుతుంది. అప్పుడు ఆ ఎంజైము ల్యూసిన్‌తోపాటు తక్కిన ఇద్దరినీ దహిస్తుంది. ఫలితంగా తిండిలో ఐసోల్యూసిన్, వాలిన్ ఏమాత్రం తగ్గించకపోయినా, రక్తంలో అవి పడిపోతాయి. అన్నదమ్ములలో ఒకడు బలిసి తక్కినవారి వాటా తినివేసినట్లు!

హైదరాబాదులో భవానీ బేలవాడి, శ్రీకంఠయ్య, గోపాలన్ ల్యూసిన్ వల్ల ట్రిప్టోఫాన్ గతి ఎట్లా మారుతున్నదో 1963లో ప్రకటించారు. 1965లో రఘురాములు, నరసింగరావు, గోపాలన్ ఎలుకలపై చేసిన పని వచ్చింది. ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారిలో మధ్యలో క్వినోలినిక్ ఆమ్లం అనే మజిలీ ఉన్నది. అధికంగా ల్యూసిన్ తిన్న ఎలుకల మూత్రంలో ఇది ఎక్కువగా పోతున్నదని వారు కనుగొన్నారు. అనగా గమ్యం చేరవలసిన సరుకు దారిలోనే జారిపోతున్నది. 1973లో గఫూరున్నీసా, నరసింగరావు ఎలుక కాలేయంలోను, మూత్రపిండంలోను ఆ దారిలోని ఎంజైములను కొలిచి, ల్యూసిన్ వాటిని మారుస్తున్నదని చూపారు. ఇంతలో బేలవాడి, గోపాలన్ జొన్న తిండితో కుక్కలలో నల్లనాలుకను తెప్పించి, 1965లో లాన్సెట్‌లో వెల్లడించారు. ఐసోల్యూసిన్ ఇస్తే ఈ కీడు తగ్గుతున్నదని కుక్కలలోను, తరువాత కమలా కృష్ణస్వామి, గోపాలన్ 1971లో ప్రకటించిన పనిలో పెల్లాగ్రా రోగులలోను కనిపించింది. జొన్న వంగడాలన్నీ ఒకటి కావనీ, ల్యూసిన్ తక్కువగా ఉన్న వాటిని ఏరి పెంచవచ్చుననీ సూచనలు కూడ వచ్చాయి. ప్రయోగశాలలోని ఎలుక బోనునుండి పొలంలోని విత్తనం దాకా సాగిన ఆలోచన ఇది. మన తెలుగునాట జరిగిన పరిశోధనలలో ఇంత దూరం పోయినవి కొద్ది.

కాని కథ ఇంత సాఫీగా ముగియలేదు. ఇతర దేశాలలో కెన్నెత్ కార్పెంటర్, ఆయన సహచరులు 1970లు, 80లలో కోడిపిల్లలు, ఎలుకలు, కుక్కలపై ల్యూసిన్ ప్రయోగాలు మళ్ళీ చేసి, హైదరాబాదువారు చెప్పినంత ప్రభావం తమకు కనిపించలేదన్నారు. 1983లో లండనులో డేవిడ్ బెండర్ ఎలుకలపై చేసిన పరిశీలన నా మట్టుకు చాలా వెలుగునిచ్చేది. తిండిలో నియాసిన్ చాలినంత ఉన్నప్పుడు ల్యూసిన్ కలిపినా ఏమీ కాలేదు. నియాసిన్ చాలక, ట్రిప్టోఫాన్‌నుండి తామే తయారుచేసుకోవలసిన గతి పట్టిన ఎలుకలలో మాత్రం, ల్యూసిన్ వల్ల రక్తంలోను కాలేయంలోను నియాసిన్‌తో తయారయ్యే పదార్థాలు తగ్గిపోయాయి. అనగా ల్యూసిన్ ఒంటరిగా నేరస్థుడు కాకపోవచ్చును. ఇల్లు అప్పటికే గుల్లగా ఉన్నప్పుడు దొంగకు తలుపు తీసే పని అది చేస్తున్నదనవచ్చును. హైదరాబాదులోనే తరువాత జరిగిన పరిశోధనలు పెల్లాగ్రాలో బి-6 పాత్రను కూడ ముందుకు తెచ్చాయి. ట్రిప్టోఫాన్ దారిలోని ఎంజైములలో ఒకటి బి-6 లేనిదే పనిచేయదు. గోల్డ్‌బర్గర్‌ను దారి తప్పించిన ఎలుక చర్మవ్యాధి బి-6 లోపమేనని ఇంతకుముందే చెప్పుకొన్నాము. అంటే ఎలుక చెప్పినది పూర్తిగా అబద్ధం కాదేమో, మనమే దానిని సగమే విన్నామేమో!

ఈ వివాదాన్ని కొందరు అధ్యాపకులు "తప్పని తేలిన సిద్ధాంతం" అని ఒక్క మాటలో తోసివేస్తారు. నాకది న్యాయంగా తోచదు. హైదరాబాదుకు వచ్చిన రోగి జొన్న మాత్రమే కాదు, జొన్న తప్ప వేరేమీ దొరకని బీదరికాన్ని కూడ తింటున్నాడు. పాలు, పప్పు, మాంసం సమృద్ధిగా తినేవాడు నాలుగు జొన్న రొట్టెలు తింటే అతనికి ఏ ప్రమాదమూ లేదు. అందుచేత హైటెక్ సిటీ భోజనశాలలోని రొట్టెకూ, 1960నాటి మెట్ట కూలివాని గటకకూ జొన్న ఒకటే అయినా, పక్కనున్న పళ్ళెం వేరు. బెండర్ ఎలుకల రెండు గుంపులు చెప్పినది సరిగా ఇదే.

ఇదే కాలంలో హైదరాబాదు శాస్త్రజ్ఞులకు పసిపిల్లల ప్రశ్న కూడ ఎదురుగా ఉన్నది. తల్లిపాలు మానిన ఏడాది రెండేండ్ల పిల్లలకు ఒళ్ళు ఉబ్బి, జుట్టు రంగు మారి, ఏ ఆటా ఆడక దిగులుగా కూర్చునే జబ్బు క్వాషియార్కర్. 1964లో ఉగాండాలో వైట్‌హెడ్, డీన్ ఈ పిల్లల వేలినుండి ఒక చుక్క రక్తం తీసి కాగితపు క్రొమటోగ్రఫీ చేశారు. శరీరం తానే తయారుచేసుకోగల గ్లైసిన్, సెరిన్ వంటివి నిలిచి ఉన్నాయి. తిండినుండే రావలసిన ల్యూసిన్, వాలిన్ వంటివి పడిపోయాయి. మొదటి జట్టును రెండవ జట్టుతో భాగించగా వచ్చిన అంకె, మంచి పోషణలో 2 కంటె తక్కువ, వ్యాధిలో 3 దాటి. అంకెల మీద మోజున్న మనకు ఇది ఎంతో ఆకర్షణగా ఉంటుంది. అయితే గోపాలన్ హైదరాబాదు పిల్లలను చూసి, క్వాషియార్కర్ వచ్చిన పిల్లా, ఎండిపోయే మరాస్మస్ వచ్చిన పిల్లా తినే తిండిలో పెద్ద తేడా లేదనీ, శరీరం ఆ లోపానికి సర్దుకొన్నదా లేదా అన్నదే తేడా అనీ 1968లో వాదించారు. ఒకే తిండి, రెండు రకాల రోగాలు. అదే సంవత్సరం చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ మరొక పరిశీలన ప్రకటించారు. పసితనంలో క్వాషియార్కర్‌కు చికిత్స పొందిన పిల్లలను 8నుండి 11 ఏండ్ల వయస్సులో పరీక్షించి, అదే తరహా కుటుంబాల పిల్లలతో పోల్చగా, బుద్ధి పరీక్షలలో వారు వెనుకబడి ఉన్నారు. చిన్న వయస్సు జట్టులో తేడా ఎక్కువ, పెద్ద జట్టులో తక్కువ. అంటే కొంత పూడుతున్నదని ఆశ.

ఇక్కడ కూడ ఎలుక పిల్ల పక్కనే నిలబడి ఉన్నది. ఎలుక మెదడు వేగంగా ఎదిగేది పుట్టిన తరువాతి మూడు వారాలలో, అంటే పాలు తాగే కాలంలోనే. కేంబ్రిడ్జిలో విడోసన్, మెకాన్స్ ఒక తల్లికి 3 పిల్లలను, మరొక తల్లికి 15, 20 పిల్లలను అప్పగించి పెంచారు. పాలు చాలక చిక్కిన పిల్లలకు తరువాత కావలసినంత తిండి పెట్టినా, అవి మొదటి గుంపును ఎన్నడూ అందుకోలేదు. ఆ మూడు వారాలలో జరిగినది జీవితాంతం నిలిచింది. మనిషి శిశువు మెదడు ఎదిగే కాలం వేరు, దీర్ఘమైనది. అందువల్ల ఎలుక రోజులను మన రోజులుగా నేరుగా మార్చలేము.

తెలుగునాట పెల్లాగ్రా క్రమంగా అరుదైపోయింది. ల్యూసిన్ వివాదం తేలినందువల్ల కాదు. పేదవాని పళ్ళెంలో జొన్న స్థానం బియ్యానికి పోయింది, తిండిలో ఇతర పదార్థాలు చేరాయి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఈ మార్పును ఇంకా వేగిరపరిచింది. వ్యాధి పోయినందుకు సంతోషించవలసిందే. శాస్త్రజ్ఞునికి మాత్రం తన ప్రశ్నకు జవాబు దొరకకముందే రోగి లేచి వెళ్ళిపోయినట్లయినది.

ఎలుకల బోనులు ఖాళీ కాలేదు. కూనూరునుండి వచ్చిన వంశపు ఎలుకలతోనే మంచాల రఘునాథ్ బృందం, గర్భంతో ఉన్న తల్లులకు విటమినులు తగ్గిస్తే పిల్లలు పెద్దయిన తరువాత ఏమవుతున్నదో చూసింది. ఆ పిల్లల ఒంట్లో కొవ్వు పెరుగుతున్నదని 2004లో వెల్లడించింది. ప్రశ్న తిరగబడింది. మెక్‌కారిసన్ ఎలుక చిక్కిపోయి ఏడిపించింది, ఇప్పటి ఎలుక లావెక్కి భయపెడుతున్నది. నగరానికి పడమట, 1974లో స్థాపించిన గచ్చిబౌలి విశ్వవిద్యాలయంలోనూ ఎలుక మెదడులో గ్లుటమేట్, అమ్మోనియాల నడకపై సంవత్సరాల తరబడి పని సాగింది.

2000లో హైదరాబాదులో, కణాలు, జన్యువుల పరిశోధన చేసే ఒక కేంద్రం ఆధ్వర్యాన, నాలుగు ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన శిశువులకు రక్తపరీక్ష మొదలుపెట్టారు. 18,300 మంది శిశువులను పరీక్షించగా, పుట్టుకతో వచ్చే జీవరసాయన లోపాలు సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఉన్నట్లు కనిపించింది. పరీక్షించినవాటిలో అమైనో ఆమ్లాల లోపాలు కూడ ఉన్నాయి. వీటిలో పేరుపొందినది ఫినైల్ అలనిన్ విరగక పేరుకొనే వ్యాధి. 1934లో నార్వేలో ఫోలింగ్ దీనిని కనుగొన్నారు. దీనికి మొదటి వారాలలోనే తగిన ఆహారం మొదలుపెడితే మెదడు దక్కుతుంది, ఆలస్యమైతే దక్కదు. పరీక్ష ఎంతో సులభం. శిశువు మడమను గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని వడపోత కాగితంమీద పట్టి ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. అమెరికాలో రాబర్ట్ గత్రీ 1960లలో ఆరంభించిన ఈ పద్ధతి ఇప్పుడు లోకమంతా ఉన్నది.

అయితే ఆ చుక్కను శిశువు పుట్టిన వెంటనే తీయరు. గర్భంలో ఉన్నంతసేపు బిడ్డ రక్తంలోని ఫినైల్ అలనిన్‌ను మావి ద్వారా తల్లి కాలేయం సర్ది పెడుతూనే ఉంటుంది. బొడ్డు తెగి, బిడ్డ పాలు తాగి, తన కాలేయంతో తానే పని చేయవలసి వచ్చినప్పుడుగాని లోపం రక్తంలో కనిపించదు. అందువల్ల పాలు పట్టడం మొదలైన తరువాత ఒకటి రెండు రోజులు ఆగి, అప్పుడు మడమ గుచ్చుతారు.